అప్‌డేట్ పడింది, ప్రింటర్ పడుకుంది: మీ ప్రశ్నలు, మా జవాబులు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది కదా, దాంతో పదకొండుకి మారినవాళ్లు, మారాక ప్రింటర్ పలకనివాళ్లు, ఇద్దరూ ఒకేసారి మాకు రాయడం మొదలుపెట్టారు. ఒకేలాంటి ఉత్తరాలని కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒక్క రిక్వెస్టు, ప్రింటర్ మోడల్ నంబర్ రాయండి బాబూ. "నల్లది, పైన స్కానర్ ఉంటుంది" అని రాస్తే మేమేం చెప్పగలం.

సార్, మాది తెనాలి, జెరాక్స్ ప్లస్ నెట్ సెంటర్. మొన్న రాత్రి షట్‌డౌన్ చేస్తుంటే అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ అని వచ్చింది, సరేలే అని నొక్కి ఇంటికెళ్లిపోయా. పొద్దున వచ్చి చూస్తే ప్రింట్ ఇస్తే వెళ్లినట్టే ఉంటది గానీ కాగితం కదలదు. లిస్టులో అదే ప్రింటర్ రెండుసార్లు కనిపిస్తోంది, రెండోదాని పక్కన కాపీ 1 అని ఉంది. హాల్‌టికెట్ల టైమ్, బయట పిల్లలు లైన్లో ఉన్నారు. సిస్టం చూసే కుర్రాడు ఫార్మాట్ కొట్టాలి అంటున్నాడు. కొట్టించమంటారా?

వద్దండీ. ఫార్మాట్ మాట ముందు పక్కన పెట్టేయండి. మీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, ఆ "కాపీ 1".

అప్‌డేట్ తర్వాత విండోస్ ఒక్కోసారి అదే ప్రింటర్‌ని కొత్తది అనుకుని ఇంకో ఐకాన్ పెట్టి, దానికి ఇంకో పోర్టు, అంటే ప్రింట్ వెళ్లే దారి, ఇస్తుంది. ఇంతకుముందు యుఎస్‌బి001 మీద ఉండేది ఇప్పుడు యుఎస్‌బి002కి వెళ్లిపోయింది అనుకోండి, పాత ఐకాన్ మాత్రం ఇంకా 001నే పట్టుకుని కూర్చుంటుంది, అక్కడేమో ఎవరూ లేరు. మీ డిఫాల్ట్ ఆ పాతదే కాబట్టి మీరిచ్చే ప్రింట్లన్నీ అటే పోతున్నాయి. కేబుల్ తీసి పక్క సాకెట్లో పెట్టినా ఇదే జరుగుతుంది, అందుకే షాపులో ఊడ్చేటప్పుడు ఎవరో వైరు పీకి ఇంకోచోట పెట్టినా ప్రింటర్ "పాడైపోతుంది".

ముందు కాపీ 1 మీదకి ఒక టెస్ట్ పేజీ ఇవ్వండి. వచ్చిందా, అయితే ప్రింటర్ బానే ఉంది, డ్రైవరూ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) బానే ఉంది. ఇప్పుడు పాత ఐకాన్‌కి ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ ట్యాబ్‌లో కాపీ 1కి ఏ పోర్టు ఉందో అదే టిక్ పెట్టి అప్లై కొట్టండి, తర్వాత కాపీ 1ని తీసేయొచ్చు. చాలామంది పాతది డిలీట్ చేసి కొత్తది ఉంచుకుంటారు, అదీ తప్పేం కాదు గానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివి ప్రింటర్‌ని పేరుతో గుర్తుపెట్టుకుంటాయి, పేరు మారితే మళ్లీ అక్కడ వెతుక్కోవాలి, అందుకని నేనైతే పాత పేరునే కాపాడుకుంటాను. పనిలో పనిగా ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీ కింద "నా డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకుంటుంది" అనే అర్థంలో ఒక బటన్ ఉంటుంది, అది ఆఫ్ చేసేయండి. అది ఆన్‌లో ఉంటే చివరిసారి దేనికి ప్రింట్ ఇస్తే అదే డిఫాల్ట్ అయిపోతుంది, మీరు ఒకసారి పీడీఎఫ్‌గా సేవ్ చేశారంటే తర్వాత వచ్చినవన్నీ పీడీఎఫ్ లోకే.

కాపీ 1 కూడా పలక్కపోతే క్యూ, అంటే ప్రింట్ల వరస, చూడండి. ఒక జాబ్ "డిలీటింగ్" అని చూపిస్తూ ఎంతసేపున్నా పోకుండా ఇరుక్కుని ఉంటే వెనకవన్నీ దానికోసం ఆగుతాయి. స్టార్ట్‌లో సర్వీసెస్ అని కొట్టి, ప్రింట్ స్పూలర్ (ప్రింట్లని వరసలో పెట్టి పంపేది) దగ్గర స్టాప్ నొక్కండి. సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తే ఒక్కో జాబ్‌కి జంటగా ఫైల్స్ కనిపిస్తాయి, ఒకటి ఎస్‌పిఎల్, ఒకటి ఎస్‌హెచ్‌డి. వాటన్నిటినీ తీసేయండి, ఫోల్డర్‌ని మాత్రం తీయొద్దు. మళ్లీ స్పూలర్ స్టార్ట్. చాలా కేసులు ఇక్కడితో అయిపోతాయి.

ఇంకా రాకపోతే అప్పుడు డ్రైవర్ జోలికి. ముందుగా కేబుల్ పీకేయండి, ఇదే అందరూ మర్చిపోయేది. లిస్టులో ఆ ప్రింటర్ ఐకాన్లన్నీ తీసేసి, అదే పేజీలో ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ అని ఉంటుంది, అందులో డ్రైవర్స్ ట్యాబ్‌లో మీ మోడల్ పేరు పట్టుకుని రిమూవ్ కొడితే రెండు ఆప్షన్లు అడుగుతుంది, డ్రైవర్ ఒక్కటేనా, డ్రైవర్ ప్యాకేజీ కూడానా అని. ప్యాకేజీతో సహా తీసేయండి, లేకపోతే విండోస్ ఆ పాతదాన్నే మళ్లీ లాక్కొచ్చి పెడుతుంది. వాడుకలో ఉంది తీయను అని మొరాయిస్తే స్పూలర్‌ని ఒకసారి ఆపి స్టార్ట్ చేసి వెంటనే తీసేయండి. తర్వాత కంపెనీ సొంత సైట్లో మోడల్ నంబర్ కొట్టి ఫుల్ సెటప్ దించుకుని రన్ చేయండి, కేబుల్ పెట్టమని సెటప్ అడిగినప్పుడే పెట్టండి. ముందే పెడితే విండోస్ తన దగ్గరున్న ఏదో ఒక డ్రైవర్ తగిలించేస్తుంది.

అలా తగిలించిన డ్రైవర్‌తో పెద్ద ఆఫీస్ ప్రింటర్లు ఎలాగోలా నడుస్తాయి గానీ మన షాపుల్లో ఎక్కువగా కనిపించే హెచ్‌పి 1020, కానన్ 2900 లాంటివి నడవవు. వాటికి సొంత బుర్ర తక్కువ, పేజీ మొత్తాన్ని కంప్యూటరే తయారుచేసి పంపాలి. 1020 అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేర్‌ని, అంటే తన లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ని కూడా కంప్యూటర్ నుంచే తెచ్చుకుంటుంది, సరైన డ్రైవర్ లేకపోతే అది ఉత్త డబ్బానే. గూగుల్లో పైన యాడ్‌గా వచ్చే "డ్రైవర్ అప్‌డేటర్" సైట్లలోకి మాత్రం పోకండి, డ్రైవర్ దొరకదు సరికదా ఇంకేవో నాలుగు ఎక్కి కూర్చుంటాయి.

లైన్లో పిల్లలు ఉన్నారు, ఇదంతా చేసే టైమ్ లేదు అంటే, విండోస్ అప్‌డేట్‌లో అప్‌డేట్ హిస్టరీ కింద అన్‌ఇన్‌స్టాల్ ఉంది, మొన్న పడినదాన్ని తీసేసి ఈ పూటకి నడిపించుకోండి. 10 నుంచి 11కి మారడమే జరిగి ఉంటే రికవరీలో "గో బ్యాక్" ఉంటుంది, అది మామూలుగా 10 రోజులే ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. ఈసారి నుంచి సీజన్‌కి ముందే పాజ్ అప్‌డేట్స్ పెట్టుకోండి, 5 వారాల దాకా ఆపుకోవచ్చు. షాపు మూసేటప్పుడు కాకుండా ఖాళీగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం అప్‌డేట్ చేసుకుంటే మీకూ నాకూ ప్రశాంతం.

అన్నా, మాది సిద్దిపేట. ఆఫీసుల రెండు సిస్టంలున్నయ్, ప్రింటరు ఒకదానికే ఉంది, రెండోదాన్నుంచి షేరింగ్‌ల ప్రింట్ కొట్టుకునేటోళ్లం. గిన్ని దినాలు మంచిగనే నడిచింది, అప్‌డేట్ అయినంక రెండోదాంట్ల కనెక్ట్ చేద్దామంటే చివర్ల 11బి అని ఎర్రర్ ఇస్తుంది. యూట్యూబ్‌ల చూసి అప్‌డేట్ తీసేసిన, గొన్ని దినాలకు మళ్లదే వచ్చి కూసుంది. ఏం చెయ్యాలె?

తమ్ముడూ, ఇది పొరపాటున వచ్చిన ఎర్రర్ కాదు, కావాలని వేసిన తాళం. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అని ఒక పెద్ద లోపం బయటపడింది, విండోస్‌లో ప్రింట్లు చూసుకునే స్పూలర్‌లో ఉన్న కంతలోంచి నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకొకడు దూరి మొత్తం సిస్టంని చేతిలోకి తీసుకోవచ్చన్నమాట. దాన్నీ, స్పూలర్‌లో ఉన్న అలాంటి ఇంకొన్ని కంతల్నీ మూయడానికి మైక్రోసాఫ్ట్ వరసపెట్టి బిగిస్తూ వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 10 అప్‌డేట్‌తో షేరింగ్ ప్రింటర్ డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ హక్కు కావాలన్నారు, సెప్టెంబర్ నుంచి రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి గట్టిగా గుర్తుపడితేనే మాట్లాడుకోనిచ్చారు, నీ 11బి అక్కడ పుట్టిందే. తర్వాత విండోస్ 11 22హెచ్2 వెర్షన్‌లో ఆ మాట్లాడుకునే దారే మార్చారు, అప్పట్నుంచి 709 ఎర్రర్ కూడా ఎక్కువైంది.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) ఒక విలువ సున్నా చేస్తే పనిచేస్తుందని వీడియోల్లో చెప్తారు, నిజంగానే పనిచేస్తుంది, కానీ అది మూసిన కంతని మళ్లీ తెరిచిపెట్టడం, నేను చెప్పను. ముందు రెండు సిస్టంలనీ పూర్తిగా అప్‌డేట్ చెయ్యి. ఒకటి కొత్తది ఒకటి పాతది ఉన్నప్పుడే ఈ గొడవ ఎక్కువ, సగం మంది అప్‌డేట్ అంటే భయంతో ఒకదాన్ని ఆపేసి ఉంచుతారు, అదే అసలు రోగం.

అప్పటికీ రాకపోతే దొడ్డిదారి ఒకటుంది, సేఫ్‌గానే ఉంటుంది. రెండో సిస్టంలో ఆ ప్రింటర్ డ్రైవర్‌ని ముందు విడిగా ఇన్‌స్టాల్ చెయ్యి. తర్వాత యాడ్ ప్రింటర్‌లో మాన్యువల్‌గా ఎంచుకుని, క్రియేట్ న్యూ పోర్ట్, లోకల్ పోర్ట్ అని పెట్టి, పోర్టు పేరు అడిగినచోట రెండు బ్యాక్‌స్లాష్‌లు, ప్రింటర్ ఉన్న కంప్యూటర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, ప్రింటర్‌కి పెట్టిన షేర్ నేమ్ కొట్టు. షేర్ నేమ్‌లో ఖాళీలు లేకుండా చిన్నగా పెట్టుకో, "ప్రింటర్1" లాగా. ఇప్పుడు రెండో సిస్టం దృష్టిలో అది తన సొంత ప్రింటరే, డ్రైవర్ అవతలి నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు కాబట్టి ఆ తాళం అడ్డు రాదు.

ఇంకో మెలిక ఉంది. 24హెచ్2 వెర్షన్ ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా షేరింగ్‌లోకి వెళ్లడం బందు చేశారు. మన ఆఫీసుల్లో పాస్‌వర్డ్ పెట్టే అలవాటే లేదాయె. ప్రింటర్ ఉన్న సిస్టంలో ఒక యూజర్‌ని పాస్‌వర్డ్‌తో సహా చేసి, ఆ వివరాలు రెండోదాంట్లో క్రెడెన్షియల్ మేనేజర్‌లో (పాస్‌వర్డ్‌లు దాచే చోటు) పెట్టెయ్యి. నెట్‌వర్క్ పబ్లిక్ అని మారిపోయిందేమో కూడా చూడు, ప్రైవేట్ అని ఉంటేనే షేరింగ్ కనిపిస్తుంది.

ప్రింటర్ వెనక లాన్ పోర్టు ఉంటే మాత్రం ఇవేమీ పెట్టుకోకు, రూటర్‌కి వైరు గుచ్చి, రూటర్‌లో దానికి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) మారకుండా కట్టేసి, రెండు సిస్టంలలోనూ టీసీపీఐపీ పోర్టుతో యాడ్ చేసుకో. ఎవరి సిస్టం ఆన్‌లో ఉన్నా లేకున్నా ప్రింట్ వస్తుంది.

మాది విజయనగరం. రిటైర్డ్ టీచర్ని. ఎవరూ ప్రింట్ ఇవ్వకుండానే ప్రింటర్ ఆన్ చెయ్యగానే కాగితాలు వచ్చేస్తున్నాయి, వాటి మీద పైన పోస్ట్ అని, ఐపీపీ అని ఇంగ్లీషులో ఏవో పిచ్చి గీతల్లాంటి లైన్లు. వైరస్ అంటున్నారు. భయంగా ఉంది.

భయం వద్దు మేష్టారూ, వైరస్ కాదు. 2025 జనవరి చివర్లో వచ్చిన ఒక ప్రివ్యూ అప్‌డేట్ చేసిన నిర్వాకం ఇది, మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. కొన్ని యుఎస్‌బి ప్రింటర్లు రెండు పద్ధతుల్లో మాట్లాడగలవు, మామూలు యుఎస్‌బి ప్రింటింగ్ ఒకటి, ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) అనేది ఒకటి. కంప్యూటర్ ఐపీపీలో పంపాల్సిన సంగతుల్ని ప్రింటర్ అచ్చు వేయాల్సిన మేటర్ అనుకుని కాగితం మీద కొట్టేసేది. మార్చి 2025 అప్‌డేట్లలో సరిచేశారు. మీకు ఇంకా వస్తోందంటే మీ సిస్టంలో అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి ఉంటుంది, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి ఉన్నవన్నీ పూర్తి కానివ్వండి, రెండు మూడుసార్లు రీస్టార్ట్ అడిగినా విసుక్కోకండి. అంతవరకు ట్రేలో కాగితాలు తీసి పెట్టుకోండి, వృథా అవ్వవు.

మీరు ప్రింట్ ఇచ్చినప్పుడు మాత్రమే అలా పిచ్చి అక్షరాలు వస్తుంటే అది వేరే సంగతి, మోడల్‌కి సరిపడని డ్రైవర్ పడిందని, దానికి తెనాలి ఆయనకి చెప్పిన వైద్యమే.

మాది నంద్యాల, ఎరువుల అంగడి. డాట్ మ్యాట్రిక్స్ మీద బిల్లులు కొడతాం, 80 కాలమ్, పొడుగు పేపర్ రోలింగ్. సిస్టం అప్‌డేట్ అయినప్పట్నుంచి మొదటి బిల్లు సరిగ్గానే పడుతుంది, రెండోది ఒక అంగుళం పైకి పోతుంది, మూడోది రెండంగుళాలు, నాలుగోదానికి జీఎస్టీ నంబర్ పోయి ముందు బిల్లు కింద పడుతుంది. ప్రింటర్ హెడ్ పోయిందంటున్నారు.

హెడ్ పోతే అక్షరంలో చుక్కలు ఎగిరిపోతాయి గానీ బిల్లు పైకి పాకదు. మీరు అంగుళం లెక్క రాయడం చాలా మంచిపనైంది, దాంట్లోనే దొరికిపోయింది. మీ పేపర్ 10 బై 12, అంటే ఒక్కో షీటు పొడవు 12 అంగుళాలు. డ్రైవర్ కొత్తగా పడి అందులో పేపర్ సైజు లెటర్ అని వచ్చి ఉంటుంది, లెటర్ పొడవు 11. ప్రతి షీటుకి కంప్యూటర్ 11 అంగుళాలే జరుపుతోంది, మిగిలిన ఒక్క అంగుళం అలా పేరుకుపోతోంది. ఎ4 అయి ఉంటే 11.69 కాబట్టి అంగుళంలో మూడోవంతు కంటే కొంచెం తక్కువ జరిగేది. ఇలా పాకుడు ఎంత ఉందో స్కేలు పెట్టి చూస్తే ఏ సైజు పెట్టుకుని కూర్చుందో ఇట్టే తెలిసిపోతుంది.

ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ తెరవండి, ఫామ్స్ ట్యాబ్‌లో క్రియేట్ న్యూ ఫామ్ టిక్ పెట్టి, వెడల్పు 10, పొడవు 12 అంగుళాలు, మార్జిన్లు సున్నా, పేరు "బిల్లు" అని పెట్టి సేవ్ చేయండి. షీటుని మధ్యలో చించి సగం బిల్లు ఇస్తుంటే పొడవు 6 పెట్టాలి. ఇప్పుడు ఆ ఫామ్‌ని మూడు చోట్ల ఎంచుకోవాలి, ఒక్కచోట చేసి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది: ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో, అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో, డివైజ్ సెట్టింగ్స్‌లో ట్రాక్టర్ ఫీడ్ ఎదురుగా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవండి, తెరిచి ఉన్నంతసేపూ అది పాత సైజే పట్టుకుని ఉంటుంది. అన్నట్టు, లేజర్ ప్రింటర్‌లో ఊరికే ఆరెంజ్ లైటు వెలుగుతూ కాగితం పెట్టమని అడుగుతుంటే అక్కడ కూడా మొదట చూడాల్సింది ఇదే, ట్రేలో ఎ4 ఉంటే డ్రైవర్‌లో లెటర్ ఉంటుంది.

నేను టెక్సస్‌లో ఉంటాను. గుంటూరులో నాన్నగారికి పాత ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదంటే ఇక్కణ్ణుంచి కొత్తది పంపాను, స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ది. ఆయన పాత లేజర్ ప్రింటర్ దాంట్లో అస్సలు ఎక్కట్లేదు, ఫోన్లో గంటలు గంటలు కూర్చుని చేయించా. నాన్నగారు నేను పంపిన ల్యాప్‌టాప్ బాలేదంటున్నారు!

ల్యాప్‌టాప్ బానే ఉందమ్మా, రెండిటికీ పొసగదు అంతే. స్నాప్‌డ్రాగన్ అంటే ఆర్మ్ రకం ప్రాసెసర్. మామూలు ప్రోగ్రాములు దాని మీద అనువాదంతో నడిచిపోతాయి, డ్రైవర్లకి ఆ సదుపాయం లేదు, ప్రత్యేకంగా ఆర్మ్64 కోసం కంపెనీ చేసి ఇవ్వాలి. పాత చిన్న లేజర్లకి అలా చేసేవాళ్లు తక్కువ. కంపెనీ సైట్లో ఆయన మోడల్ కింద ఆర్మ్64 అని ఉందేమో ఒకసారి చూడండి, లేదంటే ఇంక ఫోన్ పెట్టేసి ఆయన్ని వదిలేయండి, ఎన్ని గంటలు చేయించినా రాదు.

వైఫై ఉండి మోప్రియా (వేర్వేరు కంపెనీల ప్రింటర్లు ఒకే పద్ధతిలో పనిచేసేందుకు పెట్టుకున్న ప్రమాణం) గుర్తు ఉన్న ప్రింటర్ అయితే విండోస్‌లో ఉండే సొంత డ్రైవర్‌తోనే నడుస్తుంది, ప్రాసెసర్ ఏదైనా పర్లేదు. పాత ప్రింటర్‌నే ఉంచుకోవాలంటే పాత ల్యాప్‌టాప్‌ని నెట్ నుంచి తీసేసి ప్రింట్ల కోసమే పక్కన పెట్టుకోమనండి, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొట్టుకోవచ్చు. పెద్దాయనకి కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు, నా ఓటు దీనికే.

నెల్లూరు నుంచి. పాత ప్రింటర్లకి ఇంక డ్రైవర్లు ఉండవంట, మైక్రోసాఫ్ట్ మొత్తం ఆపేస్తోందంట, నిజమేనా? ఇప్పుడే కొత్తది కొనెయ్యాలా?

సగం నిజం. కంపెనీలు చేసే డ్రైవర్లని విండోస్ అప్‌డేట్ ద్వారా పంచే పద్ధతిని మెల్లగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే చెప్పింది. దాని ప్రకారం 2026 జనవరి 15 తర్వాత కొత్త ప్రింటర్ డ్రైవర్లు మామూలుగా అందులోకి ఎక్కవు, 2027 జూలై 1 తర్వాత ఉన్నవాటికి కూడా సెక్యూరిటీ రిపేర్లు తప్ప మార్పులుండవు. ఇప్పటికే అక్కడ ఉన్నవి ఉంటాయి, కంపెనీ సైట్ నుంచి మనం దించుకునేదానికి అడ్డేం లేదు. కాబట్టి ఈ రోజు పనిచేస్తున్న ప్రింటర్ రేపు పొద్దున ఆగిపోదు, ఈ పేరు చెప్పి ఎవరైనా కొత్తది అంటగడుతుంటే కొనకండి. మీ మోడల్ సెటప్ ఫైల్‌ని ఇప్పుడే దించి ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, అదొక్కటి చాలు. విండోస్ 11 64 బిట్ మాత్రమే కాబట్టి 32 బిట్ డ్రైవర్ తప్ప ఇంకేదీ లేని బాగా పాతవాటికి మాత్రం నిజంగానే ఆయుష్షు అయిపోయింది.

24హెచ్2 నుంచి ప్రింటర్స్ పేజీలో ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని ఒక స్విచ్ వచ్చింది. పేరు చూసి "ప్రొటెక్షన్ మంచిదేగా" అని ఆన్ చేయకండి, కంపెనీ డ్రైవర్లతో నడిచే ప్రింటర్లన్నీ లిస్టులోంచి లేచిపోతాయి, ఆఫ్ చేశాక మళ్లీ ఎక్కించుకోవాలి. ఎవరూ ముట్టుకోకపోతే అది ఆఫ్‌లోనే ఉంటుంది, ప్రింటర్ ఉన్నట్టుండి మాయమైనవాళ్లు ఇదోసారి చూసుకోండి.

ఉబుంటు కొత్త వెర్షన్‌కి మారాక హెచ్‌పి ప్రింటర్ ప్లగిన్ అడుగుతోంది. ఇంతకుముందే వేశాను కదా? (వరంగల్)

వేసింది పాత వెర్షన్‌ది. ఉబుంటు లాంటి లైనక్స్‌లలో హెచ్‌పి ప్రింటర్లని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు హెచ్‌పిలిప్, దాని వెర్షన్ ఎంతో ప్లగిన్ కూడా సరిగ్గా అంతే ఉండాలి, సిస్టం మారినప్పుడు హెచ్‌పిలిప్ మారిపోయింది, ప్లగిన్ మాత్రం అక్కడే ఆగిపోయింది. టెర్మినల్‌లో హెచ్‌పి హైఫన్ ప్లగిన్ కమాండ్ కొడితే సరైనది అదే తెచ్చుకుంటుంది, నెట్ ఉండాలి.

డ్రైవర్ మారాక తెలుగు పీడీఎఫ్ ప్రింట్ తీస్తే ఒత్తులు విడిపోయి, కొన్నిచోట్ల డబ్బాలు వస్తున్నాయి. స్క్రీన్ మీద మాత్రం బానే ఉంది. పెళ్లి పత్రికలు ఆగిపోయాయి. (రాజమండ్రి)

స్క్రీన్ మీద బావుందంటే ఫైల్ బానే ఉందన్నమాట, అక్షరాలని ప్రింటర్ దగ్గర మళ్లీ కట్టేటప్పుడు చెడుతున్నాయి. అడోబ్ రీడర్‌లో ప్రింట్ నొక్కాక అడ్వాన్స్‌డ్ బటన్ లోపల "ప్రింట్ యాజ్ ఇమేజ్" అని ఉంటుంది, అది టిక్ పెట్టి ఇవ్వండి. పేజీ మొత్తం బొమ్మలాగా వెళ్తుంది, ఒత్తులు ఎటూ పోవు. కొంచెం నెమ్మదిగా వస్తుంది, పక్కనే డీపీఐ 300 నుంచి 600 పెడితే అక్షరం అంచులు పదునుగా ఉంటాయి. ముందు ఒక్క కాపీ సాదా కాగితం మీద చూసుకున్నాకే కార్డులు పెట్టండి.